పియెరో దెల్లా ఫ్రాంచెస్కా బొమ్మలు: ఇటలీలో ఎక్కడున్నాయి, ఏ వరసలో చూడాలి

"ఇటలీ వెళ్తున్నాం, పియెరో బొమ్మలు ఎక్కడ చూడాలి?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అడిగేసరికి చాలామంది టికెట్లు కొనేసి ఉంటారు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్. పియెరో పదిహేనో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు. ఆ మూడు ఊళ్ళూ కలిపినా ఆయన బొమ్మలు చాలా తక్కువ దొరుకుతాయి. ఫ్లోరెన్స్‌లో రెండు చిన్న చెక్క పలకలు, వెనిస్‌లో ఒకటి, రోమ్‌లో ఆయన కోసం వెళ్ళదగ్గదేమీ లేదు. ఆయన పుట్టింది, పోయింది సాన్‌సెపోల్క్రో అనే చిన్న ఊళ్ళో. ఆయన గొప్ప బొమ్మల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కల గోడల మీద వేసినవే. గోడ మ్యూజియానికి రాదు, మనమే గోడ దగ్గరికి వెళ్ళాలి. కాబట్టి పెద్ద నగరాలు పెట్టుకుని మధ్యలో పియెరోని ఇరికించకండి. ముందు అరెజ్జో, సాన్‌సెపోల్క్రో, ఉర్బీనో ఖాయం చేసుకోండి. మిగతావి వాటి చుట్టూ సర్దుకోండి.

ఈ మూడు ఊళ్ళకి నాలుగు రోజులు ఉంటే హాయి. మూడు రోజుల్లోనూ చూడొచ్చు కానీ పరుగే. రెండే రోజులుంటే ఉర్బీనో వదిలేయండి.

ఏమేం కావాలి

- షెంగెన్ వీసా. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అవసరమే. అమెరికాలో ఉండి గ్రీన్‌కార్డు ఉన్నా తప్పదు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు.
- కారు నడపాలనుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. మన ఆర్‌టీఏ ఆఫీసులో ఇస్తారు. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. ఇటలీలో అద్దెకిచ్చే కార్లు ఎక్కువగా గేర్లవి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోండి.
- చిన్న బైనాక్యులర్స్. అరెజ్జోలో పై వరస బొమ్మలు చాలా ఎత్తులో ఉంటాయి. ఈ జాబితాలో ఒక్కటే తీసుకెళ్ళగలిగితే ఇదే తీసుకెళ్ళండి.
- భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు. చర్చిల్లో అడుగుతారు. ఎండాకాలంలో ఒక చున్నీయో కండువానో బ్యాగులో ఉంటే చాలు.
- చిల్లర యూరో నాణేలు. కొన్ని చర్చిల్లో నాణెం వేస్తేనే బొమ్మ మీద లైటు వెలుగుతుంది.
- ఒక చిన్న నోట్‌బుక్. ఎందుకో చివర్లో చెప్తాను.

దశ 1: రోజులు ఎంచుకోండి

విమానం టికెట్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ, మిలన్‌లోని బ్రెరా మ్యూజియాలు సోమవారం మూసేస్తారు. మిలన్‌లోనే ఉన్న పోల్ది పెజ్జోలికి సెలవు మంగళవారం. చిన్న ఊళ్ళ మ్యూజియాలు మధ్యాహ్నం భోజనాల వేళ తలుపులేసుకోవడం మామూలే, చలికాలంలో మరీను. మీరు వెళ్ళే వారం వేళలు ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లోనే చూడండి. మ్యాప్‌లో కనిపించే వేళల్ని నమ్ముకోవద్దు.

నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకి టికెట్ ఉండదు. ఆ రోజు డబ్బు మిగులుతుంది కానీ జనం విరగబడతారు. పియెరో బొమ్మ ముందు పది నిమిషాలైనా కదలకుండా నిలబడాలి. ఆ ఆదివారం వద్దనే నా సలహా. మామూలు ఆదివారాల్లోనూ అరెజ్జో, సాన్‌సెపోల్క్రో మధ్య బస్సులు బాగా తగ్గిపోతాయి. బస్సు మీద ఆధారపడేవాళ్ళు ఆ దారిని వారం మధ్యలో పెట్టుకోండి.

దశ 2: అరెజ్జోతో మొదలుపెట్టండి

ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంట, గంటన్నర. రీజినల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో కొన్న టికెట్‌కి ఫోన్‌లోనే చెక్-ఇన్ చేయాలి. ఇది మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.

స్టేషన్ నుంచి సాన్ ఫ్రాంచెస్కో చర్చి పది నిమిషాల నడక. లోపల ప్రధాన పీఠం వెనకున్న గది బాచ్చీ కుటుంబానిది. దాని మూడు గోడల నిండా "నిజమైన శిలువ కథ" ఉంటుంది. క్రీస్తుని వేలాడదీసిన శిలువ కొయ్య ఏ చెట్టుదో, తర్వాత ఏమైందో చెప్పే పాత గాథ అది. పని మొదలుపెట్టిన బిచ్చీ ది లోరెంజో 1452లో పోతే పియెరో అందుకున్నాడు. 1466 నాటికి పూర్తయింది. గది లోపలికి కొద్దిమందిని మాత్రమే, అరగంటకో జట్టుగా పంపుతారు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. పొద్దున్నే మొదటి జట్టు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

అందరూ తికమకపడేది ఇక్కడే. కథ పై నుంచి కిందికో, ఎడమ నుంచి కుడికో సాగదు. ఎదురెదురు గోడల మీద రెండు యుద్ధాలు, రెండు రాణుల సన్నివేశాలు ఒకదానికొకటి జతగా వచ్చేట్టు పియెరో అమర్చాడు. అందుకని కథ గోడ నుంచి గోడకి దూకుతుంది. ఈ వరస రాసి పెట్టుకోండి (ఎదుటి గోడ అంటే గదిలోకి చూస్తే తిన్నగా ఎదురుగా కనిపించేది):

- కుడి గోడ పైన: ఆదాము మరణం. అతని నోట్లో పెట్టిన విత్తనం నుంచి శిలువకి కొయ్య అయ్యే చెట్టు మొలుస్తుంది.
- కుడి గోడ మధ్యలో: షేబా రాణి వంతెన దగ్గర ఆ కొయ్యని గుర్తుపట్టి మోకరిల్లుతుంది, పక్కనే సొలొమోనుని కలుస్తుంది.
- ఎదుటి గోడ, కుడివైపు మధ్యలో: కొయ్యని పాతిపెట్టడం.
- ఎదుటి గోడ, ఎడమవైపు కింద: దేవదూత రాక, అంటే క్రీస్తు పుట్టబోతున్నాడని మరియకి చెప్పడం.
- ఎదుటి గోడ, కుడివైపు కింద: రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కల.
- కుడి గోడ కింద: కాన్‌స్టంటైన్ యుద్ధం.
- ఎదుటి గోడ, ఎడమవైపు మధ్యలో: శిలువ ఎక్కడుందో తెలిసిన యూదాసు అనే మనిషిని బావిలోంచి పైకి లాగడం. ఇతను వేరే యూదాసు, క్రీస్తుని పట్టిచ్చినవాడు కాదు.
- ఎడమ గోడ మధ్యలో: కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా రాణికి శిలువ దొరకడం, నిజమైనదేదో తేల్చుకోవడం.
- ఎడమ గోడ కింద: బైజాంటిన్ చక్రవర్తి హెరాక్లియస్‌కి, శిలువని ఎత్తుకెళ్ళిన పర్షియా రాజు ఖుస్రోకి యుద్ధం.
- ఎడమ గోడ పైన: శిలువ జెరూసలేంకి తిరిగి రావడం.

అరగంటలో ఇవన్నీ సమానంగా చూడాలని చూడకండి, ఏదీ మిగలదు. ఒకసారి కథ వరస నడిచి, తర్వాత కాన్‌స్టంటైన్ కల ముందు ఆగిపోండి. రాత్రి, గుడారం, లోపల నిద్రపోతున్న చక్రవర్తి. పైన ఎడమ మూల నుంచి తలకిందులుగా దూసుకొస్తున్న దేవదూత. వెలుగంతా ఆ మూల నుంచే వస్తోంది. గుడారం బట్ట మడతల మీద, ముందు నిలబడ్డ కాపలావాళ్ళ మీద ఆ వెలుగు ఎలా ఆగుతోందో చూడండి. ఇటలీ బొమ్మల్లో రాత్రిని ఇంత నమ్మకంగా వేసిన తొలి బొమ్మల్లో ఇదొకటి. మంచం పక్కన కూర్చున్న సేవకుడు మాత్రం ఆ వెలుగేదీ ఎరగనట్టు మనవైపు చూస్తుంటాడు.

తర్వాత కొండ ఎక్కి దువోమో అనే పెద్ద చర్చికి వెళ్ళండి. ఎడమవైపు నడవలో, వస్త్రాలగది తలుపు పక్కన గోడ మీద క్రీస్తు శిష్యురాలు మగ్దలేనా మరియ ఉంది. టికెట్ లేదు, పక్కనే పెద్ద సమాధి కట్టడం ఉండటంతో దీన్ని చూడకుండా దాటిపోయేవాళ్ళు చాలామంది. చేతిలో గాజు సుగంధపు బుడ్డి, దాని మీద వెలుగు చుక్క, భుజాల మీద తడిసినట్టున్న జుట్టు. ఆ బుడ్డి దగ్గర కాసేపు ఆగండి.

దశ 3: మొంతెర్కి

అరెజ్జో నుంచి సాన్‌సెపోల్క్రో వెళ్ళే దారిలో పడుతుంది. పియెరో తల్లి సొంతూరు ఇదే అంటారు. చూడాల్సింది ఒకే ఒక్క బొమ్మ, నిండు గర్భిణిగా ఉన్న క్రీస్తు తల్లి మరియ. ఇద్దరు దేవదూతలు గుడారం తెరలు చెరోవైపు పట్టుకుని ఉంటారు, ఆమె చెయ్యి గౌను ముందు చీలిక మీద ఉంటుంది. ఆ దేవదూతలిద్దరినీ పోల్చి చూడండి. ఒకే నమూనా కాగితాన్ని తిరగేసి రెండోసారి వాడాడు. భంగిమ అద్దంలో చూసినట్టు సరిపోతుంది, బట్టల రంగులు మాత్రం అటుదిటు మారాయి.

ఈ బొమ్మ ఊరి బయట శ్మశానం పక్కనున్న చిన్న గుడిలో ఉండేది. ఇప్పుడు ఊళ్ళోని మ్యూజియంలో ఉంది. పాత గైడు పుస్తకం పట్టుకుని శ్మశానానికి వెళ్ళొద్దు. దీన్ని ఎక్కడ ఉంచాలన్నది ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుగానో వాదన, కాబట్టి వెళ్ళేముందు అడ్రస్ మరోసారి చూసుకోండి. గర్భిణులకి ప్రవేశం ఉచితం. ఊరు చూపే ఈ గౌరవం నాకు ఎంతగానో నచ్చింది.

బస్సులో వెళ్ళేవాళ్ళకి హెచ్చరిక: బస్సులు పలుచన. దిగేముందే తర్వాతి బస్సు ఎప్పుడో తెలుసుకోండి. టికెట్లు "తబాక్కి" అని బోర్డుండే సిగరెట్ల దుకాణాల్లో ముందే కొనుక్కోవాలి. రెండు బస్సుల మధ్య ఇరుక్కుపోయే టెన్షన్ వద్దనుకుంటే ఈ ఒక్కరోజుకి కారో టాక్సీనో మాట్లాడుకోండి. నలుగురుంటే పెద్ద భారం కాదు.

దశ 4: సాన్‌సెపోల్క్రోలో ఒక రాత్రి ఉండండి

చాలామంది అరెజ్జో నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. నా మాట విని రాత్రి ఉండండి. సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి మ్యూజియం చూడొచ్చు. టికెట్ రెండుసార్లు కొనాల్సి వచ్చినా పరవాలేదు.

ఊరి మ్యూజియం మ్యూజియో చివికోలో పియెరో బొమ్మలు నాలుగున్నాయి. "దయామయి మాత" పలకల గుంపుకి (చర్చి పీఠం కోసం చాలా చెక్క పలకలు కలిపి చేసే బొమ్మ) ఒప్పందం 1445లో కుదిరింది, మూడేళ్ళలో ఇవ్వాలన్నారు. ఇచ్చేసరికి పదిహేనేళ్ళు దాటింది. బంగారు నేపథ్యం మీద మరియ తన పైవస్త్రాన్ని రెక్కల్లా చాపి జనాన్ని కాస్తుంది. సంత్ (సెయింట్) జూలియన్ ముఖం, సంత్ లూయీ గోడల మీంచి తీసినవి.

నాలుగోది "పునరుత్థానం". ఊరి పెద్దలు సమావేశమయ్యే భవనంలోనే వేశాడు. ఆ భవనమే ఇప్పుడు మ్యూజియం. సమాధి అంచు మీద కాలు మోపి క్రీస్తు లేచి నిలబడ్డాడు, కింద నలుగురు సైనికులు నిద్రలో ఉన్నారు. చూడాల్సినవి ఇవి. క్రీస్తుకి ఎడమపక్క చెట్లు మోడులు, కుడిపక్కవి చిగురించినవి (మనం చూసే దిక్కు నుంచి). సైనికులు కింది నుంచి చూసినట్టు ఉంటారు, క్రీస్తు ముఖం మాత్రం మన కళ్ళకి తిన్నగా ఉంటుంది. ఈటె పట్టుకున్న సైనికుడి కాళ్ళు వెతకండి, దొరకవు. అవి వేస్తే బొమ్మ కిందిభాగం ఇరుకవుతుందని పియెరో వాటిని వదిలేశాడనిపిస్తుంది. హెల్మెట్ లేకుండా తల వెనక్కి వాల్చి నిద్రపోతున్న సైనికుడు పియెరోయేనని చెప్పుకుంటారు.

1944లో ఈ ఊరి మీద ఫిరంగులు పేల్చమని ఆజ్ఞ వస్తే, టోనీ క్లార్క్ అనే బ్రిటిష్ అధికారి ఈ బొమ్మ గురించి ఎప్పుడో చదివింది గుర్తొచ్చి కాల్పులు ఆపించాడు. ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

దశ 5: ఉర్బీనో

సాన్‌సెపోల్క్రో నుంచి ఉర్బీనోకి బొక్కా త్రబారియా కనుమ మీదుగా రోడ్డుంది. వెయ్యి మీటర్ల పైన ఎత్తు, మలుపులే మలుపులు. కారుంటే ఈ దారి చాలా బాగుంటుంది. కడుపులో తిప్పేవాళ్ళు ముందే మాత్ర వేసుకోండి. చలికాలంలో మంచు సంగతి కనుక్కోండి. కారు లేకపోతే కనుమ దారి మర్చిపోయి రైల్లో తీరం వైపు చుట్టు తిరిగి పెసారో చేరండి. అక్కడి నుంచి బస్సులో గంట పడుతుంది. ఉర్బీనోకి రైలు లేదు.

కారున్నవాళ్ళకి ఇంకో హెచ్చరిక. పాత ఊళ్ళలో నడిబొడ్డున బయటి కార్లకి ప్రవేశం ఉండదు. "జెడ్‌టీఎల్" బోర్డు దాటితే కెమెరా ఫోటో తీస్తుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది. ఉర్బీనోలో కొండ కిందున్న బోర్గో మెర్కతాలేలో కారు పెట్టి పైకి వెళ్ళండి.

ఉర్బీనోని ఏలిన ద్యూక్ (డ్యూక్) భవనంలోని మ్యూజియంలో రెండు బొమ్మలు. "కొరడా దెబ్బలు" చూసి ముందు అందరూ అనేది "ఇంత చిన్నదా?" అని. 58 సెంటీమీటర్ల ఎత్తు, 81 వెడల్పు. లోపల, దూరంగా క్రీస్తుని కొడుతున్నారు. ముందు, కుడివైపు ముగ్గురు ఆ సంగతే పట్టనట్టు నిలబడి ఉన్నారు. ఆ ముగ్గురెవరని శతాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. మీరు ఆ వాదనలోకి దిగకండి. నేల మీద చలవరాళ్ళ గళ్ళు చూడండి, కంటి చూపు గళ్ళ వెంబడి లోపలికి వెళ్ళిపోతుంది. పియెరో లెక్కల మనిషి, బొమ్మలో దూరాన్ని, లోతుని చూపించే పద్ధతి (పర్‌స్పెక్టివ్) గురించి గ్రంథం రాసినవాడు. ఎడమవైపు పిలాతు (క్రీస్తుకి శిక్ష వేసిన రోమన్ అధికారి) కూర్చున్న మెట్టు మీద ఆయన సంతకం ఉంది, వెతకండి.

రెండోది "సెనిగాల్లియా మాత". పేరు చూసి సెనిగాల్లియా ఊరు వెళ్ళేవాళ్ళున్నారు. బొమ్మ అక్కడిదే, ఇప్పుడు ఉండేది ఉర్బీనోలో. ఎడమవైపు వెనక గదిలో కిటికీ గుండా పడుతున్న ఎండ పట్టీ చూడండి. అందులో ధూళి కణాలు తేలుతుంటాయి. 1975లో ఈ రెండు బొమ్మల్నీ రఫాయెల్ వేసిన ఒక స్త్రీ చిత్రంతో కలిపి దొంగలెత్తుకెళ్ళారు, 1976లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో దొరికాయి.

అదే మ్యూజియంలో "ఆదర్శ నగరం" అనే ఖాళీ వీధుల బొమ్మ ఉంది. పియెరోదని చాలాచోట్ల రాస్తారు, కానీ ఎవరు వేశారో తేలలేదు. హాయిగా చూడండి, లెక్కలో మాత్రం వేయకండి.

దశ 6: మీ దారిని బట్టి ఒకటో రెండో కలుపుకోండి

ఫ్లోరెన్స్, ఉఫిజీ: ఉర్బీనో ద్యూక్ ఫెదెరీకో, ఆయన భార్య బాత్తిస్తా ఎదురెదురుగా. ఫెదెరీకోకి గుర్రాల మీద ఈటెలతో ఆడే పోటీల్లో కుడికన్ను పోయింది, అందుకే ఎడమ పక్కనుంచి వేశాడు. పలకల వెనక కూడా బొమ్మలున్నాయి, అవతలికి తిరిగి వెళ్ళి చూడండి. ముందు వైపు చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. టికెట్ ముందే కొనండి.

మిలన్, బ్రెరా: పెద్ద బొమ్మ. మరియ తల మీదుగా సముద్రపు గుల్ల ఆకారం నుంచి గుడ్డు వేలాడుతుంటుంది. కవచంతో మోకరిల్లిన ఫెదెరీకో మళ్ళీ కనిపిస్తాడు, 1472లో పోయిన బాత్తిస్తా కనిపించదు. ఉర్బీనో తర్వాత చూస్తేనే దీని బరువు తెలుస్తుంది. మిలన్‌లోనే పోల్ది పెజ్జోలిలో తొలెంతీనో సంత్ నికొలస్ పలక ఉంది.

పెరూజా, ఉంబ్రియా జాతీయ గ్యాలరీ: సంత్ ఆంథొనీ పలకల గుంపు. కిందిభాగం మామూలుగా అనిపిస్తే పైకి చూడండి, దేవదూత రాక వెనక స్తంభాల వసారా లోపలికి సాగిపోతుంది. అరెజ్జో నుంచి రైల్లో ఒక్కరోజులో వెళ్ళిరావచ్చు.

రిమిని, తెంపియో మలతెస్తియానో: 1451 నాటి కుడ్యచిత్రం. మోకరిల్లిన రిమిని పాలకుడు సిగిస్మొందో మలతెస్తా, వెనక ఒక తెల్ల, ఒక నల్ల వేటకుక్క. ఈయన ఫెదెరీకోకి బద్ధశత్రువు. ఇద్దరికీ పియెరో పని చేశాడు. పెసారో నుంచి తీరం రైల్లో దగ్గరే.

వెనిస్ పలక కోసం విడిగా వెనిస్ వెళ్ళొద్దు. ఎలాగూ వెళ్తుంటే అక్కాదేమియాలో చూడండి.

దశ 7: బయలుదేరే ముందు ఆఖరి తనిఖీ

బొమ్మలు అప్పుడప్పుడు ప్రదర్శనలకి వెళ్తుంటాయి, బాగుచేతకి కిందికి దిగుతుంటాయి. పోల్ది పెజ్జోలిలో 2024లో వేర్వేరు దేశాల్లో చెదిరిపోయిన ఒక పలకల గుంపుని కలిపి చూపించారు, ఆ నెలల్లో కొన్ని మ్యూజియాల్లో ఆ ముక్కలున్న చోటు ఖాళీగా ఉంది. సాన్‌సెపోల్క్రోలో "పునరుత్థానం" బాగుచేత 2018లో ముగిసింది. వారం ముందు ఒక్కో మ్యూజియానికి ఈమెయిల్ పెట్టి, బొమ్మ పేరు ఇటాలియన్‌లో రాసి "ఈ తేదీన గోడ మీద ఉంటుందా?" అని అడగండి. మధ్యలో ఎవరో చెప్పినదాని మీద ఆధారపడొద్దు.

తరచుగా జరిగే మరో పొరపాటు: లండన్‌లో ఉన్నదాన్ని ఇటలీలో వెతకడం. సాన్‌సెపోల్క్రో కోసం వేసిన "క్రీస్తు బాప్తిస్మం"ని నేషనల్ గ్యాలరీ 1861లో కొంది. దాన్ని చూడాలంటే లండనే.

దశ 8: సరిగ్గా చూశామా లేదా తెలుసుకోవడం

ప్రతి రాత్రి నోట్‌బుక్ తీసి, ఫోన్ చూడకుండా ఆ రోజు చూసిన ఒక్క బొమ్మని గీతల్లో గీయండి. బొమ్మలు వేయడం రానక్కర్లేదు, డబ్బాలు, కర్రలు చాలు. ఎవరెక్కడ నిలబడ్డారు, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, నేల ఎక్కడ మొదలైంది. ఇవి రాకపోతే మీరు ఫోటో తీశారే తప్ప బొమ్మ చూడలేదు. మర్నాడు ఇంకో చోటికి వెళ్ళేలోపు తిరిగి వెళ్ళి చూసే వీలుండటానికే ప్రతి ఊళ్ళో ఒక రాత్రి ఉండమంటున్నాను. అరెజ్జోలో అయితే సాయంత్రం ఆఖరి జట్టుకి ఇంకో టికెట్ దొరుకుతుందేమో కౌంటర్‌లో అడగండి. పొద్దున ఎవరు ఎక్కడున్నారో వెతుక్కోవడంతోనే అరగంట అయిపోయి ఉంటుంది, రెండోసారికి పైవరస బొమ్మల మీదికి బైనాక్యులర్స్ తిప్పే తీరిక ఉంటుంది.